నిద్రను కూడా టైంటేబుల్‌లో రాసుకోండి

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతున్న ఈ రోజుల్లో మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విద్యార్థులవే. హన్మకొండ అద్దె గదుల నుంచి, కాజీపేట హాస్టళ్ల నుంచి, భూపాలపల్లి, జగిత్యాల, పరకాల ఇళ్ల నుంచి వచ్చిన ఆ ఉత్తరాలను వరుసగా చదివినప్పుడు, ప్రశ్నలు వేరైనా వాటి వెనుక ఉన్న బాధ ఒక్కటేనని అర్థమైంది. పడుకున్న గంట, తిన్న అరగంట, నడిచిన పావుగంట అన్నీ చదువు నుంచి దొంగిలించుకున్న సమయమేనని ఈ పిల్లలు నమ్ముతున్నారు. ఆ నమ్మకం వారి ఆరోగ్యానికే కాదు, మార్కులకు కూడా నష్టం చేస్తుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాము. ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది భూపాలపల్లి. హన్మకొండలో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి గది తీసుకుని బీఎస్సీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న బొగ్గు బాయిలో పని చేస్తారు. పరీక్షల కోసం రోజూ రాత్రి మూడు గంటల వరకు చాయ్ తాగుతూ చదువుతున్నాను. అయినా చదివింది మరునాటికి గుర్తుండడం లేదు. త్వరగా పడుకుందామంటే, నాన్న నైట్ షిఫ్టులో భూమి లోపల పని చేస్తుంటే నేను హాయిగా నిద్రపోతున్నానే అని తప్పు చేసినట్టు అనిపిస్తుంది. నిద్ర తగ్గించుకుని జ్ఞాపకశక్తి పెంచుకునే మార్గం ఏదైనా ఉంటే చెప్పగలరు.

జవాబు: అటువంటి మార్గం లేదమ్మా. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, దాని కోసం వెతుకుతూనే చాలామంది పరీక్షల నెల మొత్తాన్ని పోగొట్టుకుంటారు.

మీ నాన్నగారి సంగతి మీరే ప్రస్తావించారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. నైట్ షిఫ్టు దిగి వచ్చిన కార్మికుని ఇంట్లో పగటిపూట ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. కిటికీలు మూస్తారు, టీవీ గొంతు తగ్గిస్తారు, వాకిట్లో ఆడుకునే పిల్లలను పక్క వీధికి పంపుతారు. ఆయన నిద్రను ఇంటిల్లిపాదీ అంత జాగ్రత్తగా కాపాడేది, నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ప్రమాదమని అందరికీ తెలుసు కనుకనే. మీ ఇంట్లో నిద్రకు ఉన్న ఆ గౌరవాన్ని మీ గదిలోకి కూడా తెచ్చుకోండి. ఆయన కష్టానికి మీరు చేయగలిగిన న్యాయం ఏదైనా ఉంటే, తేటగా ఉన్న బుర్రతో పరీక్ష రాయడమే.

చదివింది గుర్తుండకపోవడానికి కారణం మీ జ్ఞాపకశక్తిలో లోపం కాదు. పగలు చదివిన విషయం మొదట మెదడు లోపల ఉండే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగంలో తాత్కాలికంగా నిలుస్తుంది. మనం గాఢనిద్రలో ఉన్నప్పుడు, పగలంతా మేసి వచ్చిన బర్రె కొట్టంలో పడుకుని నెమరు వేసినట్టు, మెదడు ఆ విషయాలను మళ్లీ మళ్లీ తిరగేసుకుని, చాలాకాలం నిలిచేలా పైపొరలలో భద్రపరుచుకుంటుంది. మీరు మూడింటికి పడుకుని ఏడింటికి లేస్తున్నారంటే, మేపడం మాత్రం చేసి నెమరుకు సమయం ఇవ్వడం లేదని అర్థం. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల వయసు వారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర అవసరమని నిద్రను అధ్యయనం చేసిన వైద్యులు చెబుతారు. పరీక్షల రోజుల్లో 7 గంటలకు మాత్రం తగ్గవద్దు.

మరొక విషయం కూడా మీ స్నేహితురాళ్లకు చదివి వినిపించండి. వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. 0.05 శాతమంటే 50 మిల్లీగ్రాములు. ఉదయం ఆరింటికి లేచినవారు రాత్రి పదకొండు దాటాక ఆ స్థితికి చేరుకుంటారు. బండి నడపడానికే పనికిరాని మెదడుతో అర్ధరాత్రి ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివితే అది తలకెక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక చాయ్ గురించి. చాయ్‌లో ఉండే కెఫీన్ నిద్ర అవసరాన్ని తీర్చదు, నిద్ర వస్తోందన్న సూచనను కొంతసేపు కప్పిపెడుతుంది. రక్తంలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది కనుక, రాత్రి పదింటికి తాగిన చాయ్‌లోని సగం కెఫీన్ మూడింటికి మీరు పడుకునేటప్పుడు కూడా ఒంట్లోనే ఉంటుంది. అందువల్ల మీకు పట్టిన ఆ నాలుగు గంటల నిద్ర కూడా పలుచబడిపోతుంది. సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ మానండి. మానిన మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు కాబట్టి, ఈ మార్పును పరీక్షకు ముందు రోజు కాకుండా ఈ వారమే మొదలుపెట్టండి.

నలుగురు ఉండే గదిలో ఒక్కరే నియమం పెట్టుకోవడం కష్టం. ఈ రాత్రే నలుగురూ కూర్చుని దీపం ఆర్పే సమయం ఒకటి నిర్ణయించుకోండి. టైంటేబుల్ రాసేటప్పుడు ముందుగా నిద్ర గంటలు రాసి, మిగిలిన గంటలను సబ్జెక్టులకు పంచండి. గంటలు తగ్గాయని భయపడవద్దు, చదివే పద్ధతి మార్చుకుంటే ఆ తక్కువ గంటలే సరిపోతాయి. ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివే బదులు, ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులపై ఈ రెండు పద్ధతులను పోల్చి చూశారు. చదివిన అయిదు నిమిషాలకే అడిగితే మళ్లీ మళ్లీ చదివినవారే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారు వారిని ఎంతో మించిపోయారు. మళ్లీ మళ్లీ చదవడం వల్ల వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. మీ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత కాదు కదా!

పడుకున్నాక నిద్ర పట్టకపోతే మంచం మీద పొర్లుతూ గడియారం చూడకండి. లేచి, తక్కువ వెలుతురులో కూర్చుని, మర్నాడు చేయవలసిన పనులను, మనసును తొలుస్తున్న దిగుళ్లను కాగితం మీద పెట్టి, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోండి.

ప్రశ్న: నేను జగిత్యాల నుంచి వచ్చి వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో అడిగితే అన్నీ చెప్పగలను. హాలులో ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటతో తడిసిపోతాయి, ఒక్క ఫార్ములా కూడా గుర్తుకు రాదు. గత సెమిస్టర్‌లో మొదటి అరగంట ఇలాగే పోయింది. నాకు ధైర్యం లేదని మా మిత్రులు అంటున్నారు. ఈ భయాన్ని పూర్తిగా పోగొట్టుకోవడం ఎలా?

జవాబు: పూర్తిగా పోగొట్టుకోవలసిన అవసరం లేదు బాబూ. ఎదురుగా పులి ఉన్నా ప్రశ్నపత్రం ఉన్నా మన శరీరం స్పందించే తీరు ఒకటే. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లంతా పరుగుకో పోరాటానికో సిద్ధపడుతుంది, ఆ హడావిడిలో నిదానంగా ఆలోచించే పని వెనుకబడుతుంది. మీకు జరుగుతున్నది ఇదే, దీనికీ ధైర్యానికీ సంబంధం లేదు. కొంత ఉద్వేగం పనికి సాయపడుతుందని, అది మితిమీరినప్పుడే, ముఖ్యంగా కష్టమైన పనుల్లో, ఆటంకమవుతుందని 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. కాబట్టి మంటను పూర్తిగా ఆర్పే ప్రయత్నం చేయకుండా సెగ తగ్గించుకోవడం నేర్చుకుంటే చాలు.

అందుకు మన చేతిలో ఉన్న సాధనం ఊపిరి. గుండె వేగాన్ని మనం ఆజ్ఞాపించి తగ్గించలేము కానీ, ఊపిరిని తగ్గించగలము. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. గాలి వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువ ఉండాలి. వదిలేటప్పుడు వేగస్ అనే నాడి ప్రభావం పెరిగి గుండె సహజంగానే నెమ్మదిస్తుంది. ఇలా నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున రెండు మూడు నిమిషాలు చేస్తే చేతుల వణుకు తగ్గడం మీకే తెలుస్తుంది. అయితే దీనిని మొదటిసారి పరీక్ష హాలులో ప్రయత్నిస్తే పని చేయదు. ఈ రోజు నుంచి రోజుకు రెండుసార్లు, భయం లేని సమయంలో సాధన చేయండి. అలవాటైన దారినే కంగారులో కాళ్లు నడుస్తాయి.

రెండవది కాగితానికి సంబంధించినది. పరీక్షకు ముందు పది నిమిషాల పాటు తమ భయాలను ఉన్నవి ఉన్నట్టు రాసిన విద్యార్థులు, రాయనివారికంటే మెరుగైన మార్కులు తెచ్చుకున్నారని 2011లో రమీరెజ్, బైలాక్ అనే పరిశోధకులు చూపించారు. ఎక్కువగా భయపడేవారికే ఇది ఎక్కువగా ఉపకరించింది. లోపల తిరుగుతున్న దిగులు మెదడులో కొంత చోటును ఆక్రమిస్తుంది. దానిని కాగితం మీదికి దింపితే ఆ చోటు లెక్కలకు మిగులుతుంది. ఎవరికీ చూపించవలసిన పని లేదు, రాసి చించేయవచ్చు. సెంటరు గేటు దగ్గర నిలబడి చివరి నిమిషంలో ఒకరినొకరు ప్రశ్నలు వేసుకునే గుంపులో కంటే, ఆ పది నిమిషాలు చెట్టు కింద కూర్చుని ఈ పని చేయడం మీకు మేలు చేస్తుంది.

హాలులోకి వెళ్లాక, ప్రశ్నపత్రం మొత్తం చదివి, తెలిసిన చిన్న ప్రశ్నతోనే మొదలుపెట్టండి. చేయి కదలడం మొదలైతే జ్ఞాపకం దానితో పాటే వస్తుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా గడియారం పెట్టుకుని, కుర్చీ బల్ల వేసుకుని, మూడు గంటలు లేవకుండా కనీసం రెండు పాత ప్రశ్నపత్రాలు రాయండి. ఇంట్లో అన్నీ చెప్పగలుగుతున్నది మంచం మీద ఒరిగి చదువుతున్నప్పుడు, హాలులో రాయవలసింది గడియారం ముందు కూర్చుని. ఆ తేడాను ముందే చెరిపేయాలి. పరీక్షలతో సంబంధం లేకుండా మామూలు రోజుల్లో కూడా ఈ దడ వస్తుంటే, లేదా ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించుకోవాలి.

ప్రశ్న: హాస్టల్‌లో భోజనం సహించడం లేదు. ఉదయం తినకుండా వెళ్లి, రాత్రి బజ్జీలు, నూడుల్స్‌తో గడిపేస్తున్నాను. పరీక్షల రోజుల్లో ప్రత్యేకంగా ఏమైనా తినాలా? (కాజీపేట నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ప్రత్యేకమైనవేవీ అక్కరలేదు. తెలివితేటలు పెంచుతాయని అమ్మే పొడుల మీద డబ్బు పెట్టకండి. ఉదయం ఖాళీ కడుపుతో మాత్రం హాలులో కూర్చోవద్దు. రెండు ఇడ్లీలైనా, ఉడికించిన గుడ్డు, అరటిపండు అయినా సరిపోతుంది. ఇంటి నుంచి ఎవరైనా వస్తుంటే వేయించిన పల్లీలు, తైదల పిండి పంపమనండి, తైదల అంబలి హాస్టల్‌లో కూడా నిమిషాల్లో అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను తిరగని హాలులో మూడు గంటలు కూర్చుంటే ఒంట్లో నీరు తగ్గి తలనొప్పి, చికాకు వస్తాయి. వాటిని చాలామంది పరీక్ష భయమనుకుంటారు. పరీక్షకు వెళ్లేముందు ఉప్పు వేసిన పలుచని సల్ల ఒక గ్లాసు తాగండి, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. కొత్త హోటల్ తిండి పరీక్షలు ముగిసేదాకా వద్దు.

ప్రశ్న: ఈ ఉత్తరానికి ఊరు, పేరు రాయడం లేదు. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. ఈసారి కూడా పోతాయని తెలుసు. ఇంట్లో ఎకరం పత్తి మీద అప్పు చేసి ఫీజు కట్టారు. వాళ్లకు ముఖం చూపించలేను. కొన్ని రోజులుగా తినాలని, ఎవరితోనైనా మాట్లాడాలని లేదు. నేను లేకపోతే అందరికీ భారం తగ్గుతుందేమో అనిపిస్తోంది.

జవాబు: మీరు ఈ ఉత్తరం రాసినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. చిరునామా ఉంటే ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా మీ దగ్గరికే వచ్చేవాళ్లం. మీరు ఇది చదువుతున్న క్షణంలో ఆ ఆలోచన ఇంకా ఉంటే, పత్రిక పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే సేవ. పగలు, రాత్రి ఎప్పుడైనా పలుకుతుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇప్పుడే ప్రమాదం ముంచుకొచ్చినట్టు అనిపిస్తే 112కు ఫోన్ చేయండి, లేదా పక్క గదిలో ఉన్నవారిని లేపి, "నన్ను ఒంటరిగా వదలకండి" అని చెప్పండి. అంతకు మించి వారికి ఏమీ వివరించనవసరం లేదు.

తిండి మీద, మాట మీద కోరిక పోవడం, తాను భారమనిపించడం కుంగుబాటు లక్షణాలు. జ్వరంలో ఒళ్లు కాలినట్టే, కుంగుబాటులో ఈ ఆలోచనలు వస్తాయి. అవి మీ జీవితం గురించి మీరు నిదానంగా ఆలోచించి చేసుకున్న నిర్ణయాలు కావు, చికిత్సతో తగ్గిపోయేవి. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్యులు చూస్తారు. మీరు అక్కడ చెప్పిన విషయాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బ్యాక్‌లాగ్‌ను మళ్లీ రాయవచ్చు, అప్పును నాలుగు పంటల్లో తీర్చుకోవచ్చు. మీ అమ్మానాన్నలు అప్పు చేసింది మీ కోసం, మీరు లేని ఇంట్లో ఆ అప్పు తీరినా వారికి మిగిలేది ఏమీ ఉండదు. వారికి నేరుగా చెప్పలేకపోతే, మీకు నమ్మకమున్న అక్కకో, మేనమామకో, లెక్చరర్‌కో చెప్పి, వారి ద్వారా ఇంట్లో చెప్పించండి.

ఈ ఉత్తరం చదువుతున్న మిగిలిన విద్యార్థులకు కూడా ఒక మాట. మీ గదిలో ఎవరైనా ఇలా మాటలు తగ్గించి, తినడం మానేసి, తమ వస్తువులు పంచిపెడుతూ కనిపిస్తే, "చనిపోవాలని అనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం సరికాదు. అడిగినవారు ఒకరున్నారన్నదే చాలామందికి ఊపిరి తిరిగేలా చేస్తుంది. అడిగాక వారిని ఒంటరిగా వదలకండి, రహస్యంగా ఉంచమన్నా ఈ ఒక్క విషయంలో ఒప్పుకోకండి.

ప్రశ్న: పరీక్ష రాసి వచ్చాక గ్రూపుల్లో అందరూ జవాబులు పోల్చుకుంటారు. అది చూశాక మర్నాటి పేపర్ చదవలేకపోతున్నాను. (మహబూబాబాద్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: చివరి పరీక్ష అయ్యేదాకా ఆ గ్రూపులను మ్యూట్ చేయండి, హాల్ టికెట్, తేదీల మార్పు వంటి సమాచారం చెప్పే బాధ్యతను ఒక స్నేహితురాలికి అప్పగించండి. రాసేసిన పేపరును మార్చలేము. ఇంటికి వచ్చాక స్నానం చేసి, అన్నం తిని, 20 నిమిషాలు మాత్రం కునుకు తీసి, సాయంత్రం చల్లబడ్డాక అరగంట నడవండి. హన్మకొండలో ఉన్నవారైతే వడ్డేపల్లి చెరువు కట్ట మీద, ఊళ్లో ఉన్నవారైతే పొలం గట్టు మీద, ఫోన్ ఇంట్లో పెట్టి నడవాలి. ఆ తర్వాత కూర్చుంటే మర్నాటి పేపరుకు మనసు నిలుస్తుంది.

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె. మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. పరీక్షలంటే చాలు, ఏమడిగినా కసురుకుంటున్నాడు. తెల్లవారుజామున చదివితే బాగా వస్తుందని నాలుగింటికే లేపుతున్నాను, లేచి పుస్తకం ముందు కూర్చుని తూలుతున్నాడు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: మీ శ్రద్ధలో తప్పేమీ లేదమ్మా. పొలం పనులకు పోయే ఇళ్లలో అందరూ త్వరగా పడుకుంటారు కనుక నాలుగింటికి మెలకువ రావడం సహజం. అయితే ఇరవై ఏళ్ల వయసులో శరీరంలోని గడియారం పెద్దల కంటే కాస్త ఆలస్యంగా నడుస్తుంది, ఆ వయసు వారికి రాత్రి ఆలస్యంగా నిద్ర రావడం, ఉదయం ఆలస్యంగా మెలకువ రావడం సోమరితనం వల్ల జరిగేది కాదు. మీ అబ్బాయి పదకొండున్నరకు పడుకుంటుంటే, నాలుగింటికి లేపడం వల్ల అతనికి నాలుగున్నర గంటల నిద్రే దక్కుతోంది. ఆ కసురు మీ మీద కోపం కాదు, చాలని నిద్రే అలా మాట్లాడిస్తోంది.

ఈ పరీక్షలు ముగిసేదాకా అతని ముందు మేనత్త కొడుకు ఉద్యోగం గురించి, పక్కింటి పిల్లవాని ర్యాంకు గురించి మాట్లాడకండి. పరీక్ష రాసి వచ్చిన పూట, అతను తానుగా చెప్పేదాకా పేపరు సంగతి అడగకుండా అన్నం పెట్టండి. లేపడం మానవలసిన పని లేదు, లెక్కను మాత్రం అతను పడుకున్న గంట నుంచి మొదలుపెట్టండి. పదింటికి పడుకుంటే అయిదింటికి, పదకొండింటికి పడుకుంటే ఆరింటికి లేపండి.